ట్రోలింగ్‌లో ఎర, వేగం: మంచినీటి పరభక్షక మత్స్యాల వేటపై ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం

కదిలే పడవ వెనుక కృత్రిమమైన ఎరను లాగుతూ పెద్ద చేపలను పట్టే పద్ధతిని ట్రోలింగ్ అంటారు. ఉత్తర అమెరికాలోని మహాసరస్సుల ప్రాంతంలో ఈ వేట బాగా విస్తరించింది. ఇందులో ఎర ఎంపిక, పడవ వేగం రెండు వేర్వేరు విషయాలుగా కనిపిస్తాయి. అవి నిజానికి ఒకే నిర్ణయమనీ, నీటి ఉష్ణోగ్రత ఆ నిర్ణయానికి ప్రధానమైన ఆధారమనీ వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. పట్టి వదిలిన చేప బతకడంలో ఈ నిర్ణయానికి ఉన్న పాత్రను కూడా ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: ట్రోలింగ్, గాలం, కృత్రిమ ఎర, వేగం, పార్శ్వరేఖ, లేక్ ట్రౌట్, మస్కెలంజ్.

1. ఉపోద్ఘాతం

తెలుగు లిపిలో 'ట్రాలింగ్', 'ట్రోలింగ్' అనే మాటలు ఒకదానికొకటి చాలా దగ్గరగా కనిపిస్తాయి. మరపడవకు పెద్ద వల కట్టి సముద్రంలో ఈడ్వడం ట్రాలింగ్. విశాఖపట్నం, కాకినాడ రేవుల్లోని ట్రాలర్లు చేసేది ఆ పనే. ట్రోలింగ్‌లో వల ఉండదు. గాలపు దారానికి కట్టిన ఎర మాత్రమే పడవ వెనుక సాగుతుంది. సామాజిక మాధ్యమాల్లో ఒకరిని రెచ్చగొట్టి మాట్లాడించడాన్ని ట్రోలింగ్ అనడానికి ఈ గాలపు వేటే మూలమని ఎక్కువమంది భావిస్తారు.

గాలపు వేట మనకు కొత్త కాదు. 12వ శతాబ్దంలో కల్యాణి చాళుక్య చక్రవర్తి మూడవ సోమేశ్వరుడు సంస్కృతంలో కూర్చిన 'మానసోల్లాసం'లో 'మత్స్యవినోదం' అనే ప్రకరణం ఉంది. చేపల రకాలు, వాటికి వేసే మేత, గాలంతో వేటాడే విధానం అందులో కనిపిస్తాయి. ఆ సంప్రదాయంలో ఎర అంటే చేప తినే పదార్థం. తెలుగులోనూ 'ఎర' అన్న మాటకు ఆహారమనే అర్థం బలంగా ఉంది. 'పులికి ఎరయ్యాడు' అన్నప్పుడు మనం చెప్పేది ఆ అర్థమే. ట్రోలింగ్‌లో వాడే కృత్రిమ ఎర లోహం, కర్ర, ప్లాస్టిక్‌లతో తయారవుతుంది. తినదగిన పదార్థం దానిలో ఏమీ లేదు. దాన్ని ఆహారంగా భ్రమింపజేసేది ప్రధానంగా దాని చలనం. ఆ చలనాన్ని పుట్టించేది వేగం. కాబట్టి వేగాన్ని ఎరలో ఒక భాగంగానే పరిగణించాలి.

2. చారిత్రక నేపథ్యం

ఇంగ్లండులో రాబర్ట్ నోబ్స్ 1682లో పైక్ చేపల వేట గురించి రాసిన గ్రంథం పేరులోనే ట్రోలింగ్ అనే మాట ఉంది. అయితే ఆ కాలంలో ఆ మాటకు ఎరను నీటిలో అటూ ఇటూ కదుపుతూ లాగడమనే విస్తృతార్థం ఉండేది. 1852లో అమెరికాకు చెందిన జూలియో బ్యూయల్ చెంచా ఆకారంలోని లోహపు ఎరకు పేటెంటు పొందాడు. 1936లో ఫిన్లండు మత్స్యకారుడు లౌరి రపాలా బెండుతో ఒక ఎరను చెక్కాడు. గుంపులో ఒక్క చేప గాయపడి అడ్డదిడ్డంగా ఈదితే పెద్ద చేప దాన్నే ఎంచుకుంటుందని ఆయన గమనించినట్లు చెబుతారు. ఆ తడబాటును బెండులోకి తేవడమే ఆయన చేసిన పని.

ఈ వేట మహాసరస్సుల్లో పెద్దయెత్తున పెరగడానికి ఒక పర్యావరణ విషాదం కారణమైంది. సముద్రం నుంచి చొరబడిన లాంప్రే అనే పరాన్నజీవి 1940, 50 దశకాల్లో, మితిమీరిన వేటతో కలిసి, లేక్ ట్రౌట్ చేపలను దాదాపు తుడిచిపెట్టింది. వేటాడే పెద్ద చేప లేకపోవడంతో ఎల్‌వైఫ్ అనే చిన్న చేపలు విపరీతంగా పెరిగాయి. 1967లో అవి మిషిగన్ సరస్సు ఒడ్డున గుట్టలుగా చచ్చిపడ్డాయి. వాటిని అదుపు చేయడానికీ, క్రీడావేటను పెంచడానికీ మిషిగన్ రాష్ట్రం 1966లో కోహో, 1967లో చినూక్ సాల్మన్ చేపలను సరస్సులోకి వదిలింది. విశాలమైన నీటిలో, లోతులో తిరిగే ఈ చేపలను వెతకడానికి ట్రోలింగే అనువైన పద్ధతి అయింది.

3. చేప ఎరను ఎలా గుర్తిస్తుంది?

చేప శరీరానికి ఇరువైపులా ఉండే పార్శ్వరేఖ నీటిలోని స్వల్ప కదలికలను పసిగడుతుంది. మసక నీటిలో, చీకటిలో చేప దగ్గరి కదలికలను దీనితో గ్రహిస్తుంది. ఎర ఊగుతున్నప్పుడు దాని వెనుక చిన్న చిన్న సుడులు ఏర్పడతాయి. వేగం పెరిగితే ఊపు తరచవుతుంది. అంటే వేగం మారిన ప్రతిసారీ చేపకు అందే సంకేతం కూడా మారుతుంది.

తేట నీటిలో చూపు ప్రధానం. లోతుకు వెళ్లేకొద్దీ ఎరుపు రంగు ముందుగా మాయమవుతుంది. నీలం, ఆకుపచ్చ ఎక్కువ దూరం నిలుస్తాయి. అందువల్ల పైన మెరిసిన ఎర్రని ఎర లోతులో నల్లగా కనిపిస్తుంది. వేగం తక్కువైతే చేపకు ఎరను పరిశీలించే వ్యవధి దొరుకుతుంది కనుక ఆకారం, రంగు బాగా కుదరాలి. వేగం ఎక్కువైతే ఆ వ్యవధి ఉండదు. చేప కదలికను చూసి దూకుతుంది.

4. ఎరల రకాలు, వాటి వేగ పరిధి

ప్రతి ఎరకూ అది సహజంగా ఆడే ఒక వేగ పరిధి ఉంటుంది. పల్చని రేకుతో చేసిన చెంచా ఎర తక్కువ వేగానికే ఊగుతుంది, వేగం మితిమీరితే గిరగిర తిరిగి దారాన్ని మెలిపెడుతుంది. మందపాటి చెంచా ఎర తక్కువ వేగంలో చచ్చినట్టు వేలాడుతుంది, దానికి మరికొంత వేగం కావాలి. ముందు పెదవి ఉన్న చేప ఆకారపు ఎర నీటిని తోసుకుంటూ కిందికి దిగుతుంది, వేగం హద్దు దాటితే పక్కకు ఒరిగి పైకి తేలుతుంది. మెరుపు పలక వెనుక ఈక ఎరను కట్టే పద్ధతిలో పలక అటూ ఇటూ ఊగాలంటే నెమ్మదిగా, పూర్తిగా తిరగాలంటే కొంచెం వేగంగా లాగాలి.

వేగం లోతునూ మారుస్తుంది. బరువు కట్టిన దారాన్ని వేగంగా లాగితే ఎర పైకి లేస్తుంది. పెదవి ఉన్న ఎర మాత్రం తన పరిధిలో ఉన్నంతసేపు లోతును చాలావరకు నిలుపుకుంటుంది. దాని లోతును వదిలిన దారం పొడవు, మందం ఎక్కువగా నిర్ణయిస్తాయి. ఈ భేదం తెలియకుండా వేగం మార్చినవాడికి ఎర ఏ లోతులో ఉందో తెలియదు.

పడవ నడిపే ముందు ఎరను పడవ పక్కనే నీటిలో ఉంచి దాని ఆటను కళ్లారా చూడాలి. ఒకే పరిధి ఉన్న ఎరలనే ఒకేసారి వేయాలి. నెమ్మదిగా ఆడే ఎరను, వేగంగా ఆడే ఎరను కలిపి లాగితే ఏదో ఒకటి వృథా అవుతుంది.

5. చేప జాతి, నీటి ఉష్ణోగ్రత

చేప శరీర ఉష్ణోగ్రత దాదాపుగా నీటి ఉష్ణోగ్రతే. చల్లని నీటిలో దాని కండరాలు, జీర్ణక్రియ మందగిస్తాయి. అందుకే వేగాన్ని నిర్ణయించే ముందు చూడవలసింది ఉష్ణమాపకాన్ని.

లేక్ ట్రౌట్ 10 డిగ్రీల సెల్సియస్‌కు అటూ ఇటూ ఉన్న నీటిని ఇష్టపడుతుంది. వేసవిలో పై నీరు వేడెక్కితే లోతులకు దిగుతుంది. దాన్ని గంటకు 2.5 నుంచి 4 కిలోమీటర్ల వేగంతో వెతకడం అనుభవజ్ఞుల వాడుక. చినూక్ సాల్మన్‌కు సాధారణంగా 3.5 నుంచి 5 కిలోమీటర్లు. మస్కెలంజ్‌కు వేసవిలో పెద్ద ఎరలతో 5 నుంచి 8 కిలోమీటర్ల వరకు వెళతారు. పడవ మరచక్రం లేపే నురుగుకు కొద్ది మీటర్ల వెనుకే ఎర ఉంచినా మస్కెలంజ్ దాడి చేస్తుంది. శరదృతువు చివర నీరు చల్లబడినప్పుడు అదే చేపకు వేగం తగ్గించాలి. జాతి మారకపోయినా ఋతువుతో పాటు వేగం, దానితో ఎర కూడా మారుతున్నాయన్నది ఇక్కడ గమనార్హం.

6. పడవ వేగం, ఎర వేగం

జీపీఎస్ పరికరం చూపేది నేలతో పోల్చిన పడవ వేగాన్ని. చేపకు తెలిసేది తన చుట్టూ ఉన్న నీటిలో ఎర సాగే వేగం. పెద్ద సరస్సుల్లో గాలి వల్ల పై నీరు ఒక దిక్కుకు, లోతు నీరు మరో దిక్కుకు కదలవచ్చు. పడవ గంటకు 3 కిలోమీటర్లు సాగుతుండగా లోతులో 1 కిలోమీటరు వేగంతో ఎదురు ప్రవాహం ఉంటే ఎర వేగం 4 అవుతుంది. పడవ వెనుదిరిగి వస్తే అది 2 అవుతుంది. తెరపై అంకె మాత్రం 3 దగ్గరే ఉంటుంది. ఒక దిశలో చేపలు పడి, తిరుగు దిశలో పడకపోవడానికి తరచుగా ఇదే కారణం. బరువు తాడు వెనక్కి వాలే కోణాన్ని గమనిస్తే ఈ తేడా తెలుస్తుంది.

సరైన వేగాన్ని కనుగొనడానికి మలుపు మంచి పరీక్ష. పడవ కుడికి తిరిగితే ఎడమవైపు ఎర వేగం పుంజుకుంటుంది, కుడివైపు ఎర మందగిస్తుంది. ఎడమ గాలానికి చేప పడితే వేగం పెంచాలని, కుడి గాలానికి పడితే తగ్గించాలని సూచన. ఒక్క చేపతో నిర్ధారించకుండా, ఇది పునరావృతమైనప్పుడే నిర్ణయం మార్చాలి.

7. చేప ప్రాణం

లేక్ ట్రౌట్ 40 ఏళ్లకు పైగా జీవించగలదు. మస్కెలంజ్ భారీగా ఎదగడానికి పదేళ్లకు పైనే పడుతుంది. ఇలాంటి చేప ఒకటి పోతే ఆ లోటు త్వరగా తీరదు. అందుకే మస్కెలంజ్ వేటగాళ్లలో ఎక్కువమంది పట్టిన చేపను తిరిగి వదిలేస్తారు.

వదిలిన చేపలన్నీ బతకవు. వేడెక్కిన నీటిలో ప్రాణవాయువు తగ్గుతుంది, అదే సమయంలో చేప అవసరం పెరుగుతుంది. ఆ స్థితిలో చాలాసేపు పెనుగులాడిన చేప ఈదుకుంటూ వెళ్లినా తర్వాత చనిపోవచ్చు. చేప అత్యంత చురుకుగా వేగాన్ని అందుకునే వేడి నీరే దానికి ప్రమాదకరమైన నీరు కావడం ఈ వేటలోని చిక్కు. పై నీరు 26, 27 డిగ్రీలు దాటితే చాలామంది మస్కెలంజ్ వేట మానుకుంటారు. పెనుగులాటను త్వరగా ముగించే గట్టి సామగ్రి, కొక్కెపు ముల్లును నొక్కివేయడం, చేపను నీటిలోనే ఉంచి గాలం తీయడం దాని ప్రాణానికి మేలు చేస్తాయి.

మన నదుల్లోని పెద్ద పరభక్షకమైన వాలుగను అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమితి దుర్బల జాతిగా గుర్తించింది. కనుక ఈ వివేకం మన నీళ్లకూ వర్తిస్తుంది. తెలంగాణ రాష్ట్ర మత్స్యమైన కొర్రమీను నాచు, తూటికాడల మధ్య పొంచి ఉంటుంది కనుక దానికి ట్రోలింగ్ పనికిరాదు. అక్కడ నాచుపై రబ్బరు కప్పను లాగుతారు. పద్ధతి వేరైనా ఆ ఎరకు ప్రాణం పోసేది కూడా చలనమే.

8. ముగింపు

• కృత్రిమ ఎరలో ఆహారానికి బదులు పనిచేసేది చలనం. వేగం ఆ ఎరలో అంతర్భాగం.
• ముందు నీటి ఉష్ణోగ్రత, దాన్ని బట్టి చేప ఉండే లోతు, అందుకోగల వేగం, ఆ వేగానికి ఆడే ఎర అన్న క్రమంలో నిర్ణయం సాగాలి.
• పడవ వేగం, ఎర వేగం ఒకటి కావు. దారపు కోణం, మలుపుల్లో పడే చేపలు ఆ భేదాన్ని తెలుపుతాయి.
• ఎర ఎంపికకు ఆధారమైన ఉష్ణోగ్రతే ఆ రోజు వేటాడవచ్చా లేదా అన్నదానికీ ఆధారం. గాలం వేయడం తెలిసినవారికి, ఎప్పుడు వేయకూడదో కూడా తెలిసి ఉండాలి.