బెర్తు అడిగే మాక్రో

సంక్రాంతి ముందు సికింద్రాబాద్ నుంచి పలాసకు విశాఖ ఎక్స్‌ప్రెస్‌లో బెర్తు దొరకడం ఎంత గగనమో ఉద్దానం వాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. మందస, సోంపేట, కవిటి, టెక్కలి వైపు నుంచి పొట్ట చేతపట్టుకుని వెళ్లిన వాళ్లంతా ఆ ఒక్క వారంలోనే ఇంటికి రావాలి. పలాస కౌంటర్లో ఒకరు, సికింద్రాబాద్‌లో మరొకరు ఒకే క్షణంలో ఒకే బెర్తు అడిగినా అది దక్కాల్సింది ఒక్కరికే. డిస్కు చదవాలన్నా, ఆ రికార్డుకు తాళం వేయాలన్నా, జవాబు పంపాలన్నా టికెట్ ప్రోగ్రాముకు సొంతంగా చేతకాదు. ఆపరేటింగ్ సిస్టమ్‌ను అడగాల్సిందే.

మన రైల్వే రిజర్వేషన్‌లో ఆ అడగడం చాలాకాలం డిజిటల్ కంపెనీ తయారుచేసిన ఆపరేటింగ్ సిస్టమ్ వీఎంఎస్‌తో సాగింది. 1985లో సీఎంసీ సంస్థ ఢిల్లీలో మొదలుపెట్టిన ఇంప్రెస్ అనే టికెట్ వ్యవస్థ నడిచింది ఆ కంపెనీ వాక్స్ యంత్రాల మీద. దేశమంతటినీ కలపడానికి వచ్చిన కాన్సర్ట్ వ్యవస్థ తొలి అడుగు వేసింది సికింద్రాబాద్‌లో, 1994 సెప్టెంబరులో. 1999 ఏప్రిల్ నాటికి ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాద్ ఒకే వలలోకి వచ్చాయి.

ప్రోగ్రాము ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఇలా అడిగే పద్ధతి వాక్స్‌తో పుట్టింది కాదు. 1962లో మాంచెస్టర్ అట్లాస్ కంప్యూటర్ 'ఎక్స్‌ట్రాకోడ్' పేరిట ఇలాంటిదే చేసింది. ఐబీఎం 360లో సూపర్‌వైజర్ కాల్ అనే ఆదేశం, దాన్ని కప్పే అసెంబ్లీ మాక్రోలు, అంటే ఒక వరుస రాస్తే ఎన్నో ఆదేశాలుగా విడిపోయే పొట్టిపేర్లు, వచ్చాయి. 1977లో వచ్చిన వాక్స్ అధికారాన్ని నాలుగు మెట్లు చేసింది. అడుగున మామూలు ప్రోగ్రాములు, పైమెట్టున ఆపరేటింగ్ సిస్టమ్ నడిబొడ్డైన కెర్నల్. కింది మెట్టు నుంచి పైమెట్టుకు చేర్చే ఆదేశం సీహెచ్ఎమ్‌కే. దాంతోపాటు ఏ సేవ కావాలో ఒక సంఖ్య చెప్పాలి.

ఆ సంఖ్య ప్రోగ్రామర్‌కు తెలియనక్కర్లేదు. అసలు తెలివి అక్కడే ఉందని నా లెక్క. టెర్మినల్ నుంచి చదవాలంటే డాలరు గుర్తుతో మొదలయ్యే 'క్యూఐఓ' అనే మాక్రో రాస్తే చాలు. దానికి పన్నెండు గళ్లు. రిజర్వేషన్ ఫారంలాగే కావలసినవి నింపి, మిగతావి వదిలేయొచ్చు. ఖాళీల్లో సున్నాలు మాక్రోయే పెడుతుంది. అసెంబ్లర్ ఆ ఒక్క వరుసను విప్పి, పన్నెండింటినీ చివరి నుంచి మొదటికి స్టాక్‌లోకి తోసే ఆదేశాలు రాసి, వాటి కింద ఒక స్థిరమైన చిరునామాకు పిలుపు పెడుతుంది. ఆ చిరునామాలో ఉన్నది ముఖ్యంగా రెండు ముక్కలే: సంఖ్యతో కూడిన సీహెచ్ఎమ్‌కే, తిరిగి రావడం. కొత్త వెర్షన్‌లో సంఖ్యలు మారినా పాత ప్రోగ్రాము చెక్కుచెదరదు.

కెర్నల్ ఏదీ గుడ్డిగా నమ్మదు. ఇచ్చిన చిరునామాలో రాసే హక్కు అడిగినవాడికి ఉందా అని 'ప్రోబ్' ఆదేశంతో చూస్తుంది. పని ముగించి ఫలితాన్ని ఆర్‌0 రిజిస్టర్‌లో పెడుతుంది. బేసి సంఖ్య అయితే జయం, సరి అయితే భంగం! కాబట్టి చివరి బిట్ ఒక్కటి చూస్తే చాలు. తాళాలకు 'ఎన్‌క్యూ' అనే మరో సేవ ఉంది. రెండు ప్రోగ్రాములు ఒకే వస్తువు మీద పడితే ఒకదానికి ఇచ్చి, రెండోదాన్ని వరసలో నిలబెట్టడం దాని పని.

కాన్సర్ట్ రాసింది సీ భాషలో. అయినా అందులోంచి వీఎంఎస్ సేవ పిలిచినప్పుడు చేరేది ఆ సీహెచ్ఎమ్‌కే గుమ్మానికే. లైనస్ టోర్వాల్డ్స్ 1991లో లినక్స్ తొలి వెర్షన్‌లో వేరే దారి పట్టాడు. సీలోనే అసెంబ్లీ పొదిగిన చిన్న మాక్రోలు రాశాడు. సేవ సంఖ్య ప్రోగ్రాములోకే వచ్చి కూర్చుంటుంది. రాయడం తేలిక. కానీ ఒకసారి ఇచ్చిన సంఖ్యను ఇక మార్చలేరు.

1992లో ఆల్ఫా చిప్ వచ్చేసరికి వాక్స్ ఆదేశాలు హార్డ్‌వేర్‌లో లేకుండా పోయాయి. పాత అసెంబ్లీని పారేయకుండా డిజిటల్ వాళ్లు దానికే కంపైలర్ రాశారు. యంత్రభాషకు అంత దగ్గరగా ఉన్నది అనువదించాల్సిన భాష అయింది. సీహెచ్ఎమ్‌కే పనిని పాల్‌కోడ్ అనే పొర అందుకుంది. ఆ తర్వాత వీఎంఎస్ ఇటానియం చిప్పుకు, 2022లో మామూలు ఇంటెల్ తరహా చిప్పులకు మారింది. ఈ ఇంటెల్ తరహా వాటిలో పేజీ రక్షణకు రెండు మెట్లే ఉన్నాయి. మిగతా రెండూ ఉన్నట్టు వీఎంఎస్ సాఫ్ట్‌వేర్‌తో నటిస్తోంది.