ఏ ఆట గొప్పదో చెప్పండి... ఎందుకో కూడా చెప్పండి!

*ఫోన్‌లో క్రికెట్ ఆడుతూ ‘మా గేమే సూపర్’ అని వాదించుకోవడం అందరికీ అలవాటే. ఆ వాదనను ఒక పద్ధతిలో కాగితం మీద పెట్టగలిగితే అది ఇంటర్వ్యూలో మీ తరఫున మాట్లాడుతుంది.*

రాత్రి తొమ్మిదైంది. కోస్గిలో ఓ అద్దె గదిలో నలుగురు ఇంజినీరింగ్ విద్యార్థులు. పొద్దున ఇంటర్నల్ పరీక్ష ఉంది. చేతుల్లో మాత్రం ఫోన్లు.

‘‘డబ్ల్యూసీసీ ముందు మీ రియల్ క్రికెట్ ఎంతరా?’’

‘‘షాట్లు చూడు ముందు. దాంట్ల ఉన్న మజా దీంట్ల ఏడిది?’’

‘‘నా ఫోన్‌ల ఆగి ఆగి నడుస్తది. మజా ఏం చేసుకోను?’’

అరగంటైనా ఎవరూ తగ్గరు. తెల్లారితే మాటలన్నీ గాలికి పోతాయి. కానీ ఆ ముగ్గురూ అన్నవి మూడు వేర్వేరు విషయాలు. ఒకరిది అభిమానం, ఇంకొకరిది ఆట అనుభవం, మూడోవారిది పరికరం సామర్థ్యం. గేమ్ కంపెనీలు జీతాలిచ్చి మరీ తెలుసుకునేది చివరి రెండింటి గురించే. పాలిటెక్నిక్ నుంచి ప్రభుత్వ ఇంజినీరింగ్ కళాశాలగా ఎదిగిన చోట చదువుతున్న కోస్గి కుర్రాళ్లకైనా, మరే ఊరి డిగ్రీ విద్యార్థికైనా ఇది పనికొచ్చే సంగతి.

లైసెన్సు ఉన్నా ఓడిన ఆట

పోటీ గేమ్‌లను పోల్చాలంటే ముందు వాటి చరిత్ర కొంత తెలియాలి. ఈఏ స్పోర్ట్స్ ‘క్రికెట్ 07’ 2006లో వచ్చింది. దాన్ని తయారుచేసింది కెనడాకు చెందిన హెచ్‌బీ స్టూడియోస్. కొద్ది నెలల్లోనే, 2007 వరల్డ్ కప్ సమయానికి, బ్రిటన్ కంపెనీ కోడ్‌మాస్టర్స్ ‘బ్రయాన్ లారా ఇంటర్నేషనల్ క్రికెట్ 2007’ను దింపింది. మన దేశంలో అదే ఆటను యువరాజ్ సింగ్ పేరుతో అమ్మారు. వరల్డ్ కప్ లైసెన్సు ఉన్నది కోడ్‌మాస్టర్స్ దగ్గర. ఈఏ ఆటలో మన జట్టు ఆటగాళ్లకు అసలు పేర్లే లేవు.

అయినా నెట్ సెంటర్లలో, పాత కంప్యూటర్లలో ఏళ్ల తరబడి బతికింది ‘క్రికెట్ 07’. తక్కువ సామర్థ్యం ఉన్న కంప్యూటర్లోనూ అది నడిచేది. పైగా పేర్లు, జెర్సీలు, స్టేడియాలు మార్చే ప్యాచ్‌లను అభిమానులే తయారుచేసుకున్నారు. ఈఏ మాత్రం ఆ తర్వాత కన్సోళ్లకు మరో క్రికెట్ ఆట తేలేదు.

ఇంతకంటే పెద్ద పాఠం 2013లో దొరికింది. ఆ ఏడాది నవంబరులో 505 గేమ్స్ సంస్థ ‘యాషెస్ క్రికెట్ 2013’ను కంప్యూటర్ల కోసం విడుదల చేసింది. యాషెస్ సిరీస్ అధికారిక లైసెన్సు ఉంది, పేరుంది, సమయం కూడా కలిసొచ్చింది. ఆట మాత్రం లోపాల పుట్ట. ఆ తప్పుల వీడియోలు చూసి జనం నవ్వుకున్నారు. కొద్ది రోజులకే ఆటను అమ్మకం నుంచి తీసేసి, కొన్నవాళ్లకు డబ్బు తిరిగిచ్చారు. కన్సోళ్లకు రావాల్సిన ఆట రానేలేదు.

మరుసటి ఏడాది, 2014 ఏప్రిల్‌లో, మెల్‌బోర్న్‌కు చెందిన బిగ్ యాంట్ స్టూడియోస్ ‘డాన్ బ్రాడ్‌మన్ క్రికెట్ 14’ తెచ్చింది. దీనికి పెద్ద జట్ల లైసెన్సులు లేవు. ఆటగాళ్లను, జట్లను అభిమానులే సృష్టించి ఒకరితో ఒకరు పంచుకునే ఏర్పాటు మాత్రం ఉంది. ఒక్క ఆటగాడిగా మొదలై ఎదిగే కెరీర్ మోడ్ కూడా ఉంది. క్రికెట్ గేమ్‌లలో బిగ్ యాంట్ తర్వాత నిలదొక్కుకున్నది ఈ పునాది మీదే.

పెట్టె మీద పేరు జనాన్ని దుకాణం దాకా తెస్తుంది. ఆ తర్వాత ఆడించాల్సింది ఆటే.

ఫుట్‌బాల్‌లోనూ ఇదే కథ

ఫుట్‌బాల్‌లో ఈఏ, జపాన్ కంపెనీ కొనామీ దశాబ్దాలుగా పోటీదారులు. 2021లో కొనామీ తన ‘ప్రో ఎవల్యూషన్ సాకర్’ పేరును ‘ఈఫుట్‌బాల్’గా మార్చి ఉచితంగా ఇచ్చింది. ఉచితమైనా తొలి రోజుల్లో వంకర ముఖాలు, బగ్‌ల వల్ల తిట్లు తప్పలేదు. ఇటు ఈఏకు ‘ఫిఫా’ పేరు వాడుకునే ఒప్పందం ముగిసింది. 2023 నుంచి అదే ఆట ‘ఈఏ స్పోర్ట్స్ ఎఫ్‌సీ’ పేరుతో వస్తోంది. పేరు పోయినా ఆట ఆగలేదు. లీగ్‌లు, క్లబ్‌లు, ఆటగాళ్లతో ఉన్న వేరే ఒప్పందాలు దాన్ని నిలబెట్టాయి.

ఇప్పుడు పోటీ మన జేబులో

కోస్గి గదిలో వాదన జరిగిన రెండు ఆటలూ మన దేశంలో తయారైనవే. ‘వరల్డ్ క్రికెట్ ఛాంపియన్‌షిప్’ చెన్నైకి చెందిన నెక్స్ట్‌వేవ్ మల్టీమీడియాది. అందులో నజారా పెద్ద వాటా కొన్నది. ‘రియల్ క్రికెట్’ నాటిలస్ మొబైల్‌ది. బీజీఎంఐ ఆటతో మనకు తెలిసిన కొరియా కంపెనీ క్రాఫ్టన్ 2022లో అందులో పెట్టుబడి పెట్టింది, 2025లో మెజారిటీ వాటా తీసుకుంది. ‘వరల్డ్ క్రికెట్ ఛాంపియన్‌షిప్ 3’లో మన హైదరాబాద్ స్పిన్నర్ వెంకటపతి రాజు కామెంటరీ కూడా వినిపిస్తుంది. తెలుగులో కామెంటరీ పెట్టాలంటే రాసేవాళ్లు, చదివేవాళ్లు, సరిచూసేవాళ్లు కావాలి. అదీ ఒక ఉపాధి దారే.

ఇలా పోల్చి చూడండి

రెండు ఆటలను ఒకే ఫోన్‌లో, ఒకే నెట్‌వర్క్ మీద, ఒకే కష్టస్థాయిలో ఐదేసి ఓవర్లు ఆడండి. ఒకసారి ఆడి తీర్పు ఇవ్వొద్దు. కనీసం ఐదు మ్యాచ్‌లు ఆడి ఇవి రాసుకోండి.

1. బరువు: డౌన్‌లోడ్ ఎన్ని ఎంబీ? తెరుచుకోవడానికి ఎన్ని సెకన్లు? అరగంటకు బ్యాటరీ ఎంత తగ్గింది? ఫోన్ వేడెక్కిందా?
2. బ్యాట్, బంతి: టైమింగ్ తప్పితే శిక్ష పడుతోందా? ఒకే షాట్‌తో ప్రతి బంతీ సిక్సర్ పోతోందా?
3. ఫీల్డర్ల తెలివి: దగ్గరున్నవాడే బంతికి వెళ్తున్నాడా? ఏ చివరకు విసురుతున్నాడు?
4. కొత్తవాళ్లకు దారి: ఎప్పుడూ ఆడనివారికి ఫోన్ ఇచ్చి పక్కన ఊరకే కూర్చోండి. ఎక్కడ ఆగిపోయారో రాయండి.
5. డబ్బు: ప్రకటన ఎన్ని నిమిషాలకు వస్తోంది? డబ్బు పెట్టకుండా ముందుకెళ్లగలమా?

లోపం కనిపిస్తే ‘గేమ్ వేస్ట్’ అని రాస్తే ఎవరికీ పనికిరాదు. ఇలా రాసి చూడండి: ‘‘రెండో ఇన్నింగ్స్ మధ్యలో ఫోన్ కాల్ వచ్చింది. మాట్లాడి తిరిగి వస్తే స్కోరు సున్నా చూపింది. ఐదుసార్లు ప్రయత్నిస్తే నాలుగుసార్లు ఇదే జరిగింది.’’ దీంతోపాటు ఫోన్ మోడల్, ఆండ్రాయిడ్ వెర్షన్, గేమ్ వెర్షన్ రాసి స్క్రీన్ రికార్డింగ్ జత చేయండి. టెస్టర్ రోజూ చేసే పని ఇదే. మూడేళ్ల కిందటి చవక ఫోన్ ఉండటం ఇక్కడ లోటు కాదు. దేశంలో చాలామంది ఆడేది అలాంటి ఫోన్లలోనే కదా!

ఉద్యోగం సంగతేంటి?

కోస్గికి సుమారు వంద కిలోమీటర్ల దూరంలోని హైదరాబాద్‌లోనే ఈఏకు పెద్ద కేంద్రం ఉంది. యానిమేషన్, గేమింగ్ రంగాల కోసం తెలంగాణ ప్రభుత్వం 2016లోనే ‘ఇమేజ్’ పాలసీ తెచ్చింది. కొత్తవాళ్లు ఎక్కువగా అడుగుపెట్టేది క్వాలిటీ టెస్టింగ్‌లో. ప్రోగ్రామింగ్ వైపు వెళ్లేవారికి సీ ప్లస్ ప్లస్ లేదా సీ షార్ప్, యూనిటీ లేదా అన్‌రియల్ ఇంజిన్ రావాలి. గణాంకాలు ఇష్టమైతే ఆటగాళ్ల డేటాను విశ్లేషించే పనులున్నాయి. బొమ్మలు గీసే చేయి ఉంటే ఆర్ట్, యానిమేషన్ ఉన్నాయి.

ఒక్క మాట మాత్రం దాచకుండా చెప్పుకోవాలి. ఆడటం వచ్చినంత మాత్రాన ఎవరూ ఉద్యోగం ఇవ్వరు. ఈ రంగంలో ఖాళీలు ఐటీ సేవల్లో ఉన్నన్ని ఉండవు, కాంట్రాక్టు కొలువులూ ఎక్కువే. కాబట్టి బ్యాక్‌లాగ్‌లు పెట్టుకుని గేమింగ్ కల కనొద్దు. టెస్టింగ్, ప్రోగ్రామింగ్ నేర్చుకుంటే గేమ్ కంపెనీ కాకున్నా మరో సాఫ్ట్‌వేర్ కంపెనీ తలుపు తెరుచుకుంటుంది. డబ్బు పెట్టి ఆడే ఆటల జోలికి అసలే పోవద్దు. 2025 ఆగస్టులో కేంద్రం తెచ్చిన చట్టం వాటిని నిషేధించింది. ఈ-స్పోర్ట్స్‌ను మాత్రం వేరుగా గుర్తించింది.

గేమ్ టెస్టర్ ఇంటర్వ్యూల్లో ‘మీకు నచ్చిన ఆట ఏది? అందులో ఏం మారుస్తారు?’ లాంటి ప్రశ్నలు మామూలే. ‘సూపర్ ఉంటది సార్’ అని ఆగిపోయేవారు చాలామంది. అప్పుడు మీరు రెండు పేజీల పోలిక తీసి బల్ల మీద పెట్టగలగాలి.

ఈ రాత్రి మళ్లీ వాదన మొదలైతే ఫోన్ పక్కన ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. ముందు రేపటి ఇంటర్నల్‌కు చదివేసి!