గారపళ్లు, కొయ్యబారిన నడుములు

వరికుంటపాడు మండలములో ఒక కుటుంబమును దర్శించుటకు వెళ్లినప్పుడెల్లా మేము మంచము చుట్టూ తిరిగి ఆ పెద్దాయన ఎదుటికి వచ్చి నిలబడతాము. ప్రక్కనుండి పలకరిస్తే ఆయన తల త్రిప్పలేడు. మెడ తిరగాలంటే ఒళ్లంతా తిరగాలి. నేలమీద కూర్చుని అన్నము తిని చాలా ఏండ్లయినది. కోడలు గోడకు ఆనించి, ముద్దలు కలిపి నోటికందిస్తుంది. స్నానము చేయించేది, దొడ్లోకి తీసుకుపోయేది కూడ ఆమే. "కూలికి పోతే నాలుగు డబ్బులొస్తాయి గాని, మామను ఎవరిమీద వదిలిపెట్టి పోనయ్యగారూ?" అని ఒకసారి అడిగినది. మేము జవాబు చెప్పలేకపోయాము.

ఈ జబ్బు పేరు ఫ్లోరోసిస్. మన దేశములో దీనిని మొదట కనుగొన్నది ఎక్కడో కాదు, మన నెల్లూరు జిల్లాలోనే. 1937లో షార్ట్ అనే వైద్యుడు, ఆయన తోటివారు దీనిని గూర్చి వ్రాసి ప్రకటించిరి. అప్పటి నెల్లూరు జిల్లాలో కనిగిరి, పొదిలి వంటి మెట్ట తాలూకాలు కూడ ఉండెను. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు అవి అందులోనికి పోయినవి. వైద్యులకంటె ముందు రైతులే దీనిని చూచిరని చెప్పుదురు. మొదట కాడిఎద్దులు కాళ్లు బిగుసుకొని నడవలేకపోయెనట. కొన్నాళ్లకు అదే బాధ మనుషులకు కనబడెను. ఎద్దు కుంటితే సంతలో అమ్ముకొనవచ్చును, తండ్రి కుంటితే ఏమి చేయుదురు?

కారణము నీళ్లు. మన మెట్ట భూముల క్రింద ఉన్నది గట్టిరాయి. అందులోని ఖనిజములనుండి ఫ్లోరైడు నీటిలో కరుగును. లీటరు నీటిలో అది 1 మిల్లీగ్రాము లోపు ఉండవలెను, వేరే నీళ్లు లేనప్పుడు 1.5 వరకు ఓర్చుకొనవచ్చునని మన దేశపు ప్రమాణము. అంతకు మించిన నీళ్లు పసితనములో త్రాగిన పిల్లలకు పళ్లు ఏర్పడేటప్పుడే గార దిగుతుంది. ఎంత తోమినా పోదు. ఏండ్ల తరబడి త్రాగినవారికి ఎముకలలో చేరి, కీళ్లను పట్టి ఉంచే నరాలవంటి కట్లు కూడ ఎముకవలె గట్టిపడును. వెన్ను ఒకే కొయ్యవలె అగును. అంతవరకు వస్తే దానిని వెనుకకు మళ్లించే మందు లేదు.

మారా నీళ్లు చేదుగా ఉన్నవి గనుక ఇశ్రాయేలీయులు నోట పెట్టుకొనగానే తెలిసికొనిరి. మన నీళ్లకు ఆ చేదు కూడ లేదు. చల్లగా, తేటగా ఉండును. ఇక్కడే మోసపోయాము. మెట్ట ఊళ్లలో ఒకప్పుడు చెరువులు, దిగుడుబావులు త్రాగేవారు. వాటివలన కలరా, నారికురుపు వచ్చెడివి. బోరింగులు వచ్చిన తరువాత ఆ బాధలు తగ్గినవి. నారికురుపైతే 2000 నాటికి దేశములోనే లేకుండా పోయినది. ఆ మేలు మరువరాదు. కాని వానలు తప్పిన కొలదీ బోర్లు లోతుకు పోయినవి, రాతిలో ఎక్కువకాలము నిలిచిన నీళ్లు పైకి వచ్చినవి.

మా తప్పు కూడ చెప్పుకొనవలెను. మందిరము ఆవరణలో బోరు వేయించి, నీళ్లు పడిననాడు కృతజ్ఞతా కూడిక పెట్టి, ఊరందరిని త్రాగుడని పిలిచితిమి. పరీక్ష చేయించవలెనని మాకెవ్వరికిని తోచలేదు. ఏండ్ల తరువాత సీసాలో పట్టి పంపితే, ఉండవలసినదానికి రెట్టింపు దాటినదని కాగితము వచ్చినది. ఆ ఆదివారము ప్రసంగపీఠము ఎక్కడానికి మాకు కాళ్లు రాలేదు.

అంతకుముందు మరొక తప్పు. నడుములు వంగినవారి ఇండ్లలో "విశ్వాసము తక్కువ", "పితరుల దోషము" అని మాటలు వినబడుచుండగా మేము ఊరకుంటిమి. యోహాను సువార్త తొమ్మిదవ అధ్యాయములో శిష్యులు పుట్టుగ్రుడ్డివాని చూచి అడిగిన ప్రశ్న అదే కదా! ప్రభువు కాదన్నారు. గారపళ్ల ఆడపిల్లకు సంబంధము తప్పిపోతే ఆ తల్లి ఎవరి పాపమని ఏడ్వవలెను?

ఇంటిలో చేయగలిగినది కొంత ఉన్నది. మరిగిస్తే ఫ్లోరైడు పోదు; నీరు ఇగిరి ఇంకా చిక్కబడును. ఈ సంగతి తెలియక పసిబిడ్డలకు కాచి పోయుచున్న తల్లులను చూచితిమి. పాలు, రాగిసంకటి, మునగాకు, ఉసిరికాయ పెట్టితే ఒంటికి పట్టే ఫ్లోరైడు కొంత తగ్గును. వాననీరు శుభ్రముగా పట్టుకొన్నవారికి మేలు. పటిక, సున్నము, బ్లీచింగు పొడి కలిపి తేర్చే నల్గొండ పద్ధతిని నాగపూరు నీరి సంస్థవారు 1970లలో తయారు చేసిరి. మంచిదే గాని, రోజూ కొలతలు వేసి, కలియబెట్టి, గంటసేపు తేరనిచ్చే తీరిక కూలిచేసే ఆడవారికి ఎక్కడిది? కేంద్ర ప్రభుత్వము 2008-09లో ఫ్లోరోసిస్ నివారణ కార్యక్రమము మొదలుపెట్టినప్పుడు తొలి కొద్ది జిల్లాలలో నెల్లూరును చేర్చినది. 1937నుండి లెక్కపెట్టితే డెబ్బది ఏండ్లు దాటినవి.

ఇప్పుడు చాలా ఇండ్లలో డబ్బానీళ్లు కొనుచున్నారు. డబ్బులేని ఇంటికి మాత్రము బోరింగే. మా సంఘము యౌవనులు రెండు వీధులకు నీళ్ల డబ్బాలు మోయుచున్నారు. ఆ కోడలి ఇంటికి కూడ. మందిరము బోరింగుకు ఎర్రరంగు వేసితిమి, బట్టలు ఉతుక్కొనుటకు మాత్రమేనని.

మొన్న వెళ్లినప్పుడు పెద్దాయన చెంబు ఎత్తలేక కోడలిచేత త్రాగించుకొనుచు, మాతో అన్నాడు: "డబ్బానీళ్లు చప్పగా ఉన్నాయయ్యా, మన బోరింగునీళ్ల రుచే వేరు."