పగిలి పలికిన పెట్టె

హైదరాబాదులో ఏ పెద్ద ఎలక్ట్రానిక్స్ దుకాణానికి వెళ్లినా ఒక నల్లటి బ్లూటూత్ స్పీకర్ కనిపిస్తుంది. ఒంటికి తోలులాంటి తొడుగు, ముందు అల్లికగుడ్డ, దాని మీద చేత్తో రాసినట్టుండే అక్షరాల్లో 'మార్షల్' అన్న పేరు. కొనేవాళ్లలో చాలామందికి అదొక అందమైన డిజైన్, అంతే. ఆ తొడుగూ ఆ గుడ్డా ఆ రాతా అన్నీ 1960ల లండన్‌లో పుట్టిన ఒక బరువైన గిటార్ యాంప్లిఫయర్ పెట్టెవి. దాని కడుపులో గాజు వాల్వులు వెలుగుతూ ఉండేవి. ఆ పెట్టే లేకపోతే, ఇవాళ మళ్లీ వెతుక్కుని వింటున్న బ్రిటిష్ బ్లూస్-రాక్ రికార్డులు ఇలా వినిపించేవి కావు.

నేను ఆ రికార్డుల దగ్గరికి ఆలస్యంగానే వచ్చాను. జాన్ మేయాల్ బృందం ఎరిక్ క్లాప్టన్‌తో కలిసి 1966లో చేసిన 'బ్లూస్ బ్రేకర్స్' మొదటిసారి విన్నప్పుడు నన్ను పట్టి నిలిపింది పాట కాదు, గిటార్ గొంతు. మామూలుగా తీగ మీటితే ఠంగుమని మొదలైన స్వరం వెంటనే సన్నగిల్లిపోతుంది. ఇక్కడ సన్నగిల్లదు. కాస్త బొంగురుగా, ఊపిరి బిగబట్టిన గాయకుడి గొంతులా నిలబడుతుంది. అదంతా క్లాప్టన్ వేళ్ల మహిమ అనుకున్నాను. వేళ్లది సగమే. మిగతా సగం పెట్టెది.

ఆ పెట్టె చేయించిన జిమ్ మార్షల్ 1923లో లండన్‌లో పుట్టాడు. చిన్నతనంలో ఎముకల క్షయ పట్టుకుంది. ఏళ్ల తరబడి ఆసుపత్రిలో, ఒళ్లంతా ప్లాస్టర్ కట్టుతో గడిపాడు. బడి చదువు దాదాపు లేదు. తర్వాత ఇంజనీరింగ్ పుస్తకాలు సొంతంగా చదువుకుని విమానాల ఫ్యాక్టరీలో పనికి కుదిరాడు. సాయంత్రాలు డ్యాన్సు బ్యాండ్లలో పాడేవాడు, డ్రమ్స్ వాయించేవాడు. పెట్రోలు కరువైన ఆ యుద్ధకాలంలో డ్రమ్స్‌నీ, తన చేత్తో చేసుకున్న స్పీకర్ పెట్టెల్నీ సైకిల్ వెనక ట్రెయిలర్‌లో లాక్కుని కచేరీలకు వెళ్లేవాడు. డ్రమ్స్ పాఠాలు చెప్పి కూడబెట్టిన డబ్బుతో 1960లో పడమటి లండన్‌లోని హాన్‌వెల్‌లో, 76 అక్స్‌బ్రిడ్జ్ రోడ్డులో, వాయిద్యాల కొట్టు తెరిచాడు.

కొట్టు ఎక్కడ తెరిచాడన్నది ఈ కథలో చిన్న విషయం కాదు. 1958లో షికాగో నుంచి బ్లూస్ గాయకుడు మడ్డీ వాటర్స్ ఇంగ్లండు వచ్చి ఎలక్ట్రిక్ గిటార్ వాయిస్తే, పల్లెపాటలాంటి బ్లూస్ వినబోతున్నామనుకున్న శ్రోతలు ఆ హోరుకు బిత్తరపోయారు. కొందరు కుర్రాళ్లకు మాత్రం అదే కావాలనిపించింది. 1962 మార్చిలో బ్లూస్ వాయించే అలెక్సిస్ కోర్నర్, సిరిల్ డేవిస్ కలిసి ఈలింగ్ రైలుస్టేషనుకు ఎదురుగా ఒక నేలమాళిగలో బ్లూస్ క్లబ్బు పెట్టారు. తర్వాత రాక్ తారలైన మిక్ జాగర్, కీత్ రిచర్డ్స్‌లకు బ్రయన్ జోన్స్ పరిచయమైంది అక్కడే. హాన్‌వెల్ ఆ పక్క పేటే. అమెరికా రికార్డుల్లో విన్న శబ్దం ఈ కుర్రాళ్లకు కావాలి. ఆ శబ్దమిచ్చే ఫెండర్ యాంప్లిఫయర్లు సముద్రం దాటి వచ్చేసరికి వాళ్ల జేబులకు అందవు. పీట్ టౌన్‌షెండ్, రిచీ బ్లాక్‌మోర్ లాంటి కుర్ర గిటారిస్టులు జిమ్ కొట్టుకు వచ్చి, ఇలాంటిది ఇక్కడ దొరికితే బాగుండునని మొరపెట్టుకునేవారు.

కొట్టులో రిపేర్లు చూసే కెన్ బ్రాన్, ఎలక్ట్రానిక్స్ ఒంటబట్టిన పద్దెనిమిదేళ్ల డడ్లీ క్రేవెన్ పని మొదలుపెట్టారు. ముందు పెట్టుకున్న నమూనా ఫెండర్ కంపెనీ యాంప్లిఫయర్ బేస్‌మ్యాన్. ఆ సర్క్యూట్ కూడా శూన్యంలోంచి ఊడిపడింది కాదు. వాల్వుల కంపెనీలు తమ పుస్తకాల్లో అచ్చువేసి పంచిన సర్క్యూట్ల సంతానమే. అందుకని దీన్ని దొంగతనం అనడానికి నాకు మనసొప్పదు. ఒక ఇంటి వంటకం పక్కింటికి వెళ్లినట్టు వెళ్లింది. వెళ్లినచోట దినుసులు వేరు. అమెరికా భాగాలు తేలిగ్గా దొరకవు కాబట్టి ట్రాన్స్‌ఫార్మర్ బ్రిటిష్‌ది వేశారు, స్పీకర్లు సెలెషన్ కంపెనీవి వేశారు, మొదటి వాల్వుగా ఈసీసీ83ని పెట్టారు. ఐదు నమూనాలు కాదనుకుని ఆరోదాని దగ్గర 'ఇదే' అన్నామని జిమ్ చెప్పేవాడు. 1962లో అది కొట్టులోకి వచ్చిన మొదటి రోజే 23 మంది అడిగారని కూడా చెప్పేవాడు. జిమ్, కొడుకు టెర్రీ, ఇంటిపేరు కలిపి దానికి జేటీఎం45 అని పేరు పెట్టారు.

వాల్వు అంటే పాత రేడియో ఉన్న ఇళ్లలో పెరిగిన వాళ్లకు చెప్పనక్కర్లేదు. స్విచ్ వేయగానే పలకదు. వెనక అట్ట కన్నాల్లోంచి నారింజ రంగు వెలుగు నెమ్మదిగా ఎక్కుతుంది. కాలిన దుమ్ము వాసన వస్తుంది. అప్పుడు గాని ఆకాశవాణి గొంతు లోతులోంచి పైకి తేలదు. బెంగళూరులో భారత్ ఎలక్ట్రానిక్స్ వాళ్లు కూడా అలాంటి వాల్వులు చేసేవారు. గాలి తీసేసిన ఆ గాజుబుడ్డిలో ఒక లోహపు గొట్టాన్ని వేడి చేస్తే దాని నుంచి ఎలక్ట్రాన్లు ఆవిరిలా లేస్తాయి. చుట్టూ వందల వోల్టుల ధన విద్యుత్తుతో ఉన్న రేకు వాటిని లాక్కుంటుంది. రెంటికీ మధ్య సన్నటి తీగచుట్ట ఒకటి ఉంటుంది. గిటార్ నుంచి వచ్చే బలహీనమైన సంకేతాన్ని దానికి అందిస్తే, అది చెరువు తూములా పనిచేస్తుంది. తూము దగ్గర ఒక్క మనిషి చెయ్యి కదిపితే కాలవ మొత్తం పెరిగినట్టో తగ్గినట్టో, చిన్న సంకేతం పెద్ద ప్రవాహాన్ని తన వెంట ఆడిస్తుంది.

తూముకూ హద్దుంది. పూర్తిగా మూశాక ఇంక మూయలేం, పూర్తిగా ఎత్తాక ఇంక ఎత్తలేం. సంకేతం ఆ హద్దులు దాటితే, గుండ్రంగా ఉండాల్సిన అల శిఖరం చదునవుతుంది. పందిట్లో మైకుసెట్టు మోతాదు మించినప్పుడు "సౌండ్ పగులుతోంది, తగ్గించరా" అని పెద్దవాళ్లు కేకలేసేది దీనికే. ఇంజనీర్లకు అది లోపం. ఆ ఫెండర్ కంపెనీ పెట్టిన లియో ఫెండర్ కూడా పగలని ధ్వని కోసమే జీవితమంతా పాటుపడ్డాడు.

హాన్‌వెల్ పెట్టె ఆ హద్దును తొందరగా తాకింది. ఫెండర్ వాడిన మొదటి వాల్వు 12ఏవై7కి పెంపు గుణకం సుమారు 44. ఈసీసీ83కి సుమారు 100. అంటే తర్వాతి వాల్వుల మీదికి వరద ముందే వచ్చి పడుతుంది. పైగా ఒక్కో సెలెషన్ స్పీకర్ తట్టుకోగలిగింది 20 వాట్ల లోపు. ఒకటీ రెండూ పెడితే కాలిపోతాయి. అందుకని 12 అంగుళాల స్పీకర్లు నాలుగింటిని ఒకే పెట్టెలో బిగించి, వెనక చెక్కతో మూసేశారు. ఫెండర్ పెట్టెకు వెనక తెరిచి ఉంటుంది. మూసిన పెట్టెలోంచి మంద్రస్వరాలు బిగువుగా, గుండెకు తగిలేలా వస్తాయి. ఇంకొకటి కూడా ఉంది. ఏసీని డీసీగా మార్చే పని కూడా వాల్వుదే. గట్టిగా మీటినప్పుడు సరఫరా వోల్టేజీ ఒక్క క్షణం కుంగి, మళ్లీ కోలుకుంటుంది. స్వరం అణిగి తిరిగి ఉబ్బుతుంది. ఊపిరి బిగబట్టినట్టుందని ఇందాక నేనన్నది దీన్నే.

యార్డ్‌బర్డ్స్ బృందం బ్లూస్ వదిలి పాప్ వైపు మళ్లుతోందని 1965లో బయటికి వచ్చేసిన క్లాప్టన్, మేయాల్ దగ్గర చేరాడు. కారు డిక్కీలో పట్టేలా, స్పీకర్లూ యాంప్లిఫయరూ ఒకే పెట్టెలో ఉండేది కావాలని అతను అడిగాడని జిమ్ చెప్పేవాడు. అదే మోడల్ 1962. ఇది ఏడాది కాదు, క్యాటలాగు సంఖ్య. 1966లో లండన్ వెస్ట్ హ్యాంప్‌స్టెడ్‌లోని డెక్కా స్టూడియోకు ఆ పెట్టెనూ, తన గిబ్సన్ లెస్ పాల్ గిటార్‌నూ పట్టుకెళ్లాడు. స్టూడియో మర్యాద ప్రకారం వాల్యూం తగ్గించి వాయించాలి, పెంచే పని ఇంజనీరు చూసుకుంటాడు. క్లాప్టన్ ఒప్పుకోలేదు. వేదిక మీద ఎంత మోతతో వాయిస్తానో ఇక్కడా అంతేనన్నాడు. మీటర్ల ముళ్లు ఎర్రగీత దాటుతుంటే ఇంజనీరు గస్ డడ్జన్ తల పట్టుకున్నాడు. ప్రొడ్యూసర్ మైక్ వెర్నన్ సర్దిచెప్పాడు. ఆ పంతమే ఈ యంత్రాన్ని వాయిద్యం చేసిందని నా నమ్మకం. బ్రాన్, క్రేవెన్ దాన్ని తయారుచేశారు గాని, అది ఏం పాడగలదో కనిపెట్టింది వాల్యూం మీటను చివరిదాకా తిప్పిన ఇరవయ్యొక్కేళ్ల కుర్రాడు.

పగులు చెవికి ఎందుకు ఇంపవుతుంది? శిఖరం చదునైన అలలో కొత్త స్వరాలు పుడతాయి. 110 హెర్ట్జ్ స్వరం మీటితే 220, 330, 440 కూడా గట్టిగా మోగుతాయి. తెలుగు చెవికి ఇది పరాయి విషయం కాదు. తంబురా బ్రిడ్జి మీద, తీగ కింద సన్నటి నూలుపోగు జరుపుతూ జరుపుతూ ఒకచోట ఆపుతారు చూడండి, అక్కడ తీగ ఝుమ్మని పూలు పూసినట్టు విచ్చుకుంటుంది. ఆ పోగు చేసేదీ దాదాపు ఇదే, ఒక్క స్వరంలోంచి దాని పై స్వరాల్ని లాగి వినిపించడం.

రెండు స్వరాలు కలిపి మీటితే ఇంకా చిత్రం. పగులుతున్న వాల్వు వాటి తేడాను కూడా పలికిస్తుంది. షడ్జమం 220, పంచమం 330 అనుకుంటే తేడా 110. అంటే ఎవరూ మీటని మంద్ర షడ్జమం అడుగున మోగుతుంది. రెండు తీగలు మీటితే మూడోది వచ్చి పీట వేసుకుంటుందన్న మాట. అదే పంచమం బదులు అంతర గాంధారం మీటారనుకోండి. గిటార్ మెట్ల లెక్కలో అది సుమారు 277, తేడా 57. షడ్జమానికి కింద ఒదగాల్సింది 55. ఆ రెండు హెర్ట్జ్‌ల ఎడం చాలు, ధ్వని బురదైపోవడానికి. రాక్ గిటారిస్టులు సా-పా జంటనే అంతగా పట్టుకుని వేలాడింది వాల్వు పెట్టిన ఈ షరతు వల్లే.

ఇక కూత. మైకును స్పీకర్ ముందుకు తెస్తే కుయ్యిమంటుందని మన పెళ్లిపందిళ్లలో పిల్లలకు కూడా తెలుసు. స్పీకర్ శబ్దం మైకులో దూరి, పెరిగి, మళ్లీ స్పీకర్లోకి వస్తుంది. మార్షల్ పెట్టె ముందు నిలబడ్డ గిటార్‌కూ అదే జరుగుతుంది. పెట్టె హోరు తీగను కదుపుతుంది, తీగ పెట్టెను పలికిస్తుంది. వాయించేవాడు ఒక అడుగు ముందుకో వెనక్కో వేసి ఆ స్వరాన్ని ఆపగలడు, మార్చగలడు. టౌన్‌షెండ్ ఇంకా మోత కావాలన్నాడు. వంద వాట్ల యాంప్లిఫయర్ పుట్టింది. దానికి ఎనిమిది స్పీకర్ల పెట్టె అడిగాడు. మోసేవాళ్లు మా వల్ల కాదనడంతో దాన్ని రెండు చేసి ఒకదాని మీద ఒకటి నిలబెట్టారు. వేదికల వెనక కనిపించే ఆ నల్లటి గోడలు అలా లేచినవే. 1966 సెప్టెంబరులో అమెరికా నుంచి లండన్‌లో దిగిన జిమి హెండ్రిక్స్‌ను ఈ కొట్టుకు చేర్చింది మిచ్ మిచెల్. హెండ్రిక్స్ బృందంలో డ్రమ్మరైన మిచెల్, ఒకప్పుడు జిమ్ దగ్గర డ్రమ్స్ నేర్చుకున్న పిల్లవాడే. హెండ్రిక్స్ పూర్తి పేరు జేమ్స్ మార్షల్ హెండ్రిక్స్.

ఆ తర్వాత వరస కట్టిన రికార్డులన్నీ ఇక్కడ చెప్పలేను. క్రీమ్, టెన్ ఇయర్స్ ఆఫ్టర్, ఫ్రీ. మేయాల్ బృందం నుంచే పీటర్ గ్రీన్, మిక్ ఫ్లీట్‌వుడ్ వెళ్లి 1967లో ఫ్లీట్‌వుడ్ మ్యాక్ పెట్టారు, జాన్ మెక్‌వీ కూడా త్వరలోనే వచ్చి చేరాడు. ఫ్రీ బృందంలో పాల్ కాసాఫ్ వాయించింది వినండి. స్వరాలు తక్కువ, కానీ ఒక్కోదాన్ని ఎంతసేపు నిలబెడతాడో. ఆ నిలుపు ఈ పెట్టె ఇచ్చినదే.

రేడియోల్లోంచి వాల్వులు వెళ్లిపోయాయి. ఇంగ్లండులో వాటిని చేసిన ముల్లార్డ్ ఫ్యాక్టరీలూ మూతపడ్డాయి. అయినా గిటారిస్టులు వదల్లేదు. రష్యాలో, స్లొవేకియాలో, చైనాలో ఇప్పటికీ వాల్వులు తయారవుతున్నాయంటే చాలావరకు వీళ్ల కోసమే. జిమ్ మార్షల్ 2012 ఏప్రిల్‌లో పోయాడు. మేయాల్ 2024 జులై 22న, తొంభై ఏళ్ల వయసులో పోయాడు. 'బ్లూస్ బ్రేకర్స్' విడుదలైంది 1966లో సరిగ్గా అదే రోజున.

ఆ రికార్డు మొదట మోనోలోనే వచ్చింది. వీలైతే ఆ మోనోనే వినండి. మోనో గాడిలో సూది పక్కలకు మాత్రమే ఊగుతుంది, బృందమంతా ఒకే చోట నుంచి మీ మీదికి వస్తుంది. ఫోన్‌లో వద్దు, కాస్త పెద్ద స్పీకర్ల మీద పెట్టండి. రెండోది 'హైడ్‌అవే', అందులో మాటలు లేవు. తీగ వదిలేశాక స్వరం ఏమవుతోందో చెవి పెట్టండి. పక్కింటివాళ్లకు ముందే ఒక మాట చెప్పి, వాల్యూం గట్టిగానే పెంచుకోండి.