దూరపు మాట వినుటకు మంచి ఏరియలు



రేడియో పెట్టె సరిగా పలుకనప్పుడు మనలో పలువురు పెట్టెనే నిందింతురు. ఇంకను వెలగల పెట్టెను కొనినచో బాగుగా వినబడునని తలంతురు. నేనును కొంతకాల మట్లే తలంచితిని. ఆ తలంపు తప్పని నాకు తెలిసినది ఒక తుపాను దినములలో. దూరపు మాట వినుటకు పెట్టె కంటె దానికి తగిలించు ఏరియలే ముఖ్యమను సంగతిని నేడు మీకు మనవి చేసెదను.

నేను చెప్పబోవునది పాటలును వార్తలును వినిపించు సాధారణపు రేడియోను గూర్చి కాదు. స్కానరు అను పేరుగల యొక జాతి రేడియో కలదు. అది మనము చూపిన అలల వరుసలో ఒక కొసనుండి మఱియొక కొసకు తనంతట తానే పరుగిడుచు, ఎచ్చట మాట వినబడునో అచ్చట నిలుచును. మాట ముగియగానే మరల బయలుదేరును. రాత్రివేళ ఊరి తలారి వీధివీధి తిరుగుచు, అలికిడియైన చోట ఆగునట్లు దాని నడక యుండును. సముద్రముమీది పడవలును ఓడలును మాటలాడుకొను అలలు, విమానముల అలలు, ప్రభుత్వముచే అనుమతి పొంది సొంత ఆసక్తితో రేడియో నడపు ‘హామ్’ అనువారి అలలు దానియందు వినవచ్చును.

మాది విశాఖపట్టణమునకు ఉత్తరముగా నున్న తీరపు పల్లె. 2014వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను ఆ తీరమును దాటెను. విద్యుత్తు పోయెను. సెల్‌ఫోను స్తంభములు కొన్ని కూలెను; కూలనివి విద్యుత్తు లేక మూగపోయెను. నా కడ అప్పటికి చేతిలో నిముడునంత స్కానరు ఒకటి కలదు. మా వీధిలో ఏబదియేండ్లు వేటచేసిన వృద్ధు డొకడు దానిని చూచి, “బాబూ, ఇందులో అవతలి రేవు పడవలవారి మాట వినబడునా?” అని యడిగెను. అతని కుమారుడు తుపానుకు ముందే పడవను ఆ రేవునకు చేర్చి అచ్చటనే చిక్కుకొనియుండెను. “వినబడవలెను, తాతా” అంటిని. రెండు దినములు మీట త్రిప్పితిని. హోరు తప్ప మఱేమియు వినబడలేదు. మూడవనాడు ఆ కుమారుడు నడిచి యిల్లు చేరెను గనుక సరిపోయినది. “ఆ రేవులో రాత్రింబవళ్లు పడవల రేడియోలు పలుకుచునే యున్నవి” అని అతడు చెప్పినప్పుడు నాకు సిగ్గయ్యెను. మాట గాలిలో నున్నది. దానిని పట్టుకొను సాధనమే నా యింట లేకపోయెను. ఆ స్కానరుతో వచ్చినది జానెడు పొడవు గల రబ్బరు తొడుగు ఏరియలు. జేబులో పట్టుటకు అది మంచిదే గాని దూరము వినుటకు కొఱగాదు.

దూరమును గూర్చి ముందు ఒక భేదమును గ్రహింపవలెను. మీలో పెద్దవారు ఒకప్పుడు రేడియో సిలోనులో తెలుగుపాటలు వినియుందురు. సముద్ర మవతలి ఆ మాట పొట్టి అలలపై, అనగా షార్టువేవుపై, మింటి పైపొరలకు తగిలి మరలి వచ్చెడిది. స్కానరులో వినబడు అలలు అంతకంటెను మిక్కిలి పొట్టివి. ఇవి సాధారణముగా మింటినుండి మరలి రావు. దాదాపు చూపువలె తిన్నగా పోవును. భూమి గుండ్రముగా నుండుటచే కొంత దూరమునకు నేలయే అడ్డమగును. కావున ఎవడు ఎత్తున నిలుచునో వాడు దూరము వినును. తెరచాపకొయ్య యెక్కినవానికి తీరము ముందుగా కనబడునట్లే యిదియును.

దీనికి సులువైన లెక్క కలదు. ఏరియలు ఎత్తును మీటర్లలో కొలిచి, దాని వర్గమూలమును 4.12తో హెచ్చించినచో, ఆ యేరియలు ఎన్ని కిలోమీటర్ల దూరము ‘చూడగలదో’ తెలియును. గాలిపొరలు అలను కొంచెము నేలవైపునకు వంచుటచే ఇది కంటిచూపు కంటె కొంత యెక్కువ. పడవపై ఏరియలు నీటికి 4 మీటర్ల యెత్తున నున్నదనుకొందము. 4కు వర్గమూలము 2. కావున 8 కిలోమీటర్లకు పైచిలుకు. మన యేరియలును అంతే యెత్తున నున్నచో మఱి 8. రెండును కలిపి సుమారు 16 కిలోమీటర్లు. మనది 16 మీటర్ల యెత్తునకు లేపినచో మనవంతు 16 అయి, మొత్తము సుమారు 25 అగును. 100 మీటర్ల కొండపై నిలిపినచో మనవంతే 41. మొత్తము 49కి మించును. ఎత్తు నాలుగింతలైనచో మనవంతు దూరము రెండింతలే యగునని గమనింపుడు. అందుచేత మొదటి పది మీటర్లవలన కలుగు లాభము తరువాతి పది మీటర్లవలన కలుగదు. ఊరిలో అందఱికంటె ఎత్తైన స్తంభము నిలుపవలెనను పంతము అక్కరలేదు. కొబ్బరితలలకును పొరుగు మిద్దెలకును పైగా నున్న చాలును.

ఎత్తునకై పడిన పాట్లు రేడియో పుట్టిననాటనుండి యున్నవే. 1901వ సంవత్సరము డిసెంబరు 12వ తేదీన మార్కోనీ న్యూఫౌండ్లాండు దీవిలోని యొక కొండపై నిలిచి, ఇంగ్లండులోని పోల్డూనుండి వచ్చు సంకేతము కొఱకు చెవియొగ్గెను. ఈదురుగాలిలో స్తంభములు నిలువవు గనుక, గాలిపటమునకు సుమారు 150 మీటర్ల తీగ కట్టి యెగురవేయించెను. మూడువేల కిలోమీటర్లకు పైబడిన ఆ దూరమునుండి నిజముగా ఆనాడు వినబడెనా యని సందేహించువారు నేటికిని కలరు. వినబడినను లేకున్నను, ఆయన తన శ్రమనంతయు తీగను మీదికి లేపుటయందే పెట్టెననుట నిశ్చయము.

ఇక నేను చేసినదానిని చెప్పెదను. మా మిద్దెమీద బోరుబావికి వాడి విడిచిన ఇనుపగొట్టము నొకదానిని మూడువైపుల బిగుతీగలతో నిలిపి, సముద్రమట్టమునకు ఏరియలు 16 మీటర్ల యెత్తున నుండునట్లు చేసితిని. ఏరియలు నా చేతితో చేసినదే. పడవలును ఓడలును ఒండొరులను పిలుచుటకును, ఆపదలో మొఱపెట్టుటకును వాడునది 16వ ఛానెలు. దాని వేగము 156.8 మెగాహెర్ట్జులు. ఆ యల పొడవు సుమారు 191 సెంటిమీటర్లు. అందులో నాలుగవ వంతు 48. తీగ కొసలయొద్ద జరుగు మార్పుచేత ఇంచుక తగ్గించి, 45 సెంటిమీటర్ల ఇత్తడి కడ్డీని నిటారుగా నిలుపవలెను. దాని మొదట, దానికి తగులకుండ, 48 సెంటిమీటర్ల కడ్డీలు నాలుగింటిని నాలుగు దిక్కులకు గొడుగు ఊచలవలె క్రిందికి వాలుగా అమర్పవలెను. కేబులులోని నడిమి రాగితీగను నిటారు కడ్డీకిని, పైనున్న వలను నాలుగు కడ్డీలకును అతుకవలెను. హామ్‌వారి 145 మెగాహెర్ట్జుల అలలే ముఖ్యమైనచో నిటారు కడ్డీ 49 సెంటిమీటర్లు, విమానముల అలలకు సుమారు 56. ఒక దానికై చేసినది తక్కినవానిని బొత్తిగా విడువదు గాని, తన కొలతకు తగిన యలనే బాగుగా పట్టును.

నేను చేసిన పెద్ద తప్పు కేబులునందు. పెట్టెలో పడియున్న సన్నని నల్లతీగను మిద్దెనుండి గదివఱకు లాగితిని. ఆ జాతి సన్నని కేబులు ఈ యలలలో 15 మీటర్ల పొడవునకే పట్టినదానిలో సగము మ్రింగివేయును. గండిపడిన కాలువలో నీరు పాఱించినట్లయినది. విచారింపగా, కేబులు టీవీవారు ఇంటింటికి లాగు తెల్లని లేక నల్లని దళసరి తీగయే మేలని తేలెను. దానిలో అంతే పొడవునకు నాలుగవ వంతు మాత్రమే పోవును, వెలయు స్వల్పము. అది 75 ఓముల తీగ, స్కానరుకు 50 ఓములది గదా యని కొంద ఱాక్షేపింతురు. ప్రసారము చేయువారికి ఆ భేదము లెక్కకు వచ్చును గాని, వినువారికి దానివలని నష్టము మిక్కిలి తక్కువ.

మఱియొక తప్పు తప్పించుకొంటిని, అదియు దైవికముగా. 1980 దశాబ్దమున దూరదర్శన్ కొఱకు మిద్దెలపై నిలిపిన చేపముల్లువంటి ఏరియలు మా యటుకమీద నుండెను. దానినే వాడుదమనుకొంటిని. అది అడ్డముగా పరుండి, అడ్డముగా ఊగు అలలను పట్టుటకు చేసినది. పడవలవారి యేరియళ్లు నిటారుగా నుండును. వారి అలలును నిటారుగా ఊగును. నిటారు మాటను అడ్డపు తీగతో వినగోరినచో, నడుమ అడ్డులేని చోట నూటికి ఒకవంతు మాత్రమే దక్కవచ్చును. కడ్డీలు నిటారగునట్లు ఆ చేపముల్లును ప్రక్కకు త్రిప్పి కట్టినచో కొంత పనికివచ్చును గాని, దాని కొలతలు వేఱు.

ఆ చేపముల్లు ఏరియలుకు యాగీ యని పేరు. దానిని జపానుదేశమున సెందాయ్ నగరమునందలి తోహోకు విశ్వవిద్యాలయములో షింతారో ఉదా యను పండితుడును, ఆయన ఆచార్యుడగు హిదెత్సుగు యాగీయును కలిసి 1926లో ప్రకటించిరి. 1928లో యాగీ ఇంగ్లీషున వ్రాయగా పాశ్చాత్యులు దానిని చేపట్టిరి. జపానువారు మాత్రము దానిని పట్టించుకొనలేదు. 1942లో సింగపూరు పట్టుబడినప్పుడు ఇంగ్లీషువారి కాగితములలో ‘యాగీ’ యను మాట కనబడగా, దాని యర్థమేమని జపాను సైనికులు బందీలనే అడిగిరనియు, “అది మీ దేశపు పండితుని పేరే” యని వారు చెప్పిరనియు చెప్పుదురు. పెరటిచెట్టు మందుకు రాదను మాట మనదేశమునకు మాత్రమే పరిమితము గాదు.

యాగీ గుణ మేమనగా, అన్ని దిక్కుల మాటను సమముగా వినక, ఒక దిక్కునే చెవిదగ్గఱ దొప్పచేయి పెట్టుకొని వినినట్లు వినుట. మూడుకడ్డీల యాగీ సామాన్యపు ఏరియలు కంటె తన ముందువైపున మూడింత లెక్కువ పట్టగలదు. వెనుకవైపు చాలవఱకు చెవిటిది. సముద్రమువైపునకు త్రిప్పినచో ఊరివైపునుండి వచ్చు రొదయును తగ్గును. కాని నా యభిప్రాయమున మొదట గొడుగు ఏరియలే మంచిది. ఏ దిక్కునుండి పిలుపు వచ్చునో తెలియనప్పుడు ఒక్క దిక్కునకే చెవియొగ్గుట ప్రమాదము.

అంగడులలో ‘బూస్టరు’ అను పెట్టెను చూపి దానితో అంతయు వినబడునని చెప్పుదురు. అది రేడియోప్రక్కన నుండినచో ప్రయోజన మల్పము. కేబులులో పోయిన మాటను అది తిరిగి తేలేదు. మాటతోబాటు హోరునుగూడ పెంచును. అవసరమైనచో ఏరియలు మొదటనే బిగింపవలెను. దగ్గఱలో ఎఫ్.ఎం. ప్రసారస్థానమున్నచో దాని గట్టిమాట బూస్టరును ఉక్కిరిబిక్కిరి చేసి తక్కినవానిని మ్రింగును. దానికంటె ముందు ఇంటిలోని రొద యెక్కడిదో వెదకుడు. మా యింట ఒక చవుక ఎల్.ఇ.డి. దీపమును, ఫోను ఛార్జరును ఆపగానే హోరు సగము తగ్గెను. ఇది కాసు ఖర్చులేని వైద్యము.

ఇంతయు చేసినపిమ్మట మా వృద్ధుని పిలిచి స్కానరు ముందు కూర్చుండబెట్టితిని. సూర్యోదయమునకు ముందు, గాలి కదలని వేళ, రేవునకు మరలుచున్న పడవవారి మాటలు స్పష్టముగా వినవచ్చెను. అతడు కొంతసేపు విని, గొంతునుబట్టి యిద్దఱిని గుర్తుపట్టెను. వేసవిరాత్రులయందు సముద్రముపై గాలిపొరలు పేరుకొని, నేను చెప్పిన లెక్కకు మించిన దూరమునుండి ఓడల మాట తేలివచ్చుటయు కలదు. అది నిత్యము దొరకునది కాదు. దానిని చూచి మన యేరియలు గొప్పదని భ్రమపడరాదు.

రెండు జాగ్రత్తలు చెప్పక తప్పదు. ఏరియలు నిలుపునప్పుడు స్తంభము ఏ వైపునకు పడినను విద్యుత్తు తీగలకు తగులనంత దూరముండవలెను. ఇందులో తొందరపడి ప్రాణములు పోగొట్టుకొనినవారు కలరు. గొట్టమునకు దళసరి రాగితీగ కట్టి నేలలో పాతిన కడ్డీకి కలుపవలెను. ఉఱుము దూరమున నుండగనే కేబులును స్కానరునుండి ఊడదీసి ఇంటివెలుపల నుంచవలెను. భూమికి కలిపితిమిగదా యని నిశ్చింతగా నుండరాదు.

రెండవది న్యాయమునకు చెందినది. వినుట వేఱు, పలుకుట వేఱు. ప్రభుత్వపు అనుమతి లేక ఈ యలలపై పలుకుట నేరము. ఆపదలో నున్నవాని పిలుపునకు అడ్డుపడుటయు నగును. వినుటకుగూడ హద్దులు గలవు. కొనుటకు ముందే ఆ నిబంధనలను అడిగి తెలిసికొనుడు. పోలీసువారి మాటలును, ఇతరుల సొంత సంభాషణలును మనకు తగవు. 16వ ఛానెలులో ఎవరైనను ఆపదయని మొఱపెట్టుట విన్నచో, పడవపేరును, చెప్పిన చోటును, వేళను వెంటనే కాగితముపై వ్రాసికొని, తీరరక్షక దళమువారి 1554 అంకెకు ఫోను చేయుడు. ఫోను పలుకనిచో మనిషిని పంపుడు.

ఉప్పుగాలి అతుకులను తినివేయును. నాలుగు కడ్డీలు కలియు చోట రబ్బరుపట్టీ గట్టిగా చుట్టి, ప్రతి సంవత్సరము ఆశ్వయుజమాసమునకు ముందే విప్పి, పచ్చబడిన రాగిని గీకి మరల చుట్టవలెను. మా యింట ఆ పనిని ఇప్పుడు ఆ వృద్ధుని మనుమడు చేయుచున్నాడు.