తొలి లారీ

విజయవాడ లోని ఆటోనగర్ లారీల మరమ్మత్తులకు, బాడీ నిర్మాణానికి పేరుపొందిన ప్రాంతము. ఇటువంటి చోట్ల క్లీనరుగా పని నేర్చుకొని డ్రైవరైన వ్యక్తికి మొదట పాత బండి అప్పగించటం సాధారణం.

1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం లారీ నడిపేవారికి 20 సంవత్సరాలు నిండి ఉండాలి.

బండి తీసుకొనే ముందు టైర్లు, స్టెప్నీ, జాకీ, బ్రేకులు, లైట్లు, సరకుపై కప్పే పట్టా, మోకులు సరిచూసుకోవాలి. రిజిస్ట్రేషను, ఫిట్‌నెస్, పర్మిట్, బీమా, కాలుష్య ధ్రువపత్రాల గడువు కూడా చూడాలి. పరిమితికి మించిన బరువుతో బండి నడిపితే, సరకు వేయించినది యజమాని అయినప్పటికీ డ్రైవరు కూడా శిక్షార్హుడే.

1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం పరిధిలోని సంస్థలలో సాధారణ పనివేళ రోజుకు 8 గంటలుగా ఉండేది. ఆ చట్టం కింద 5 గంటల పని తరువాత కనీసం అరగంట విశ్రాంతి డ్రైవరు హక్కుగా ఉండేది.