పెరిగే ఇల్లు, తలుపుల్లేని బడి



ఇల్లు కట్టుకుందామనుకుంటే ప్లాను ఎవరు గీస్తారు? మేస్త్రి గీస్తాడు, లేదా ఇంజనీరుగారు గీస్తారు. మగవాళ్ళు నలుగురూ కూర్చుని ఖాయం చేస్తారు. పొద్దస్తమానం ఆ ఇంట్లో మసిలే మనల్ని 'వంటిల్లు ఏ మూలన?' అని ఒక్క మాట అడిగితే అదే పదివేలు. ఇవాళ మీకు ఇంటికంటే అందులో ఉండే మనుషులే ముఖ్యమనుకున్న ఒక ఆర్కిటెక్టు గురించి చెబుతాను. ఆయన బాలకృష్ణ దోషిగారు. తెలుగువారు కాకపోయినా మనకు బొత్తిగా పరాయివారు కాదు. హైదరాబాదులో ఈ.సి.ఐ.ఎల్. ఉద్యోగుల కాలనీకి 1968 ప్రాంతంలో ప్లాను వేసింది ఆయనే.

దోషిగారు 1927 ఆగస్టు 26న పూనాలో పుట్టారు. కుర్చీలూ బల్లలూ తయారుచేసే ఉమ్మడి కుటుంబం. బొంబాయిలో చదువుకుని, 1951లో పారిస్ వెళ్ళి, చండీగఢ్ నగరానికి రూపమిచ్చిన లె కార్బూజియే దగ్గర పనికి కుదిరారు. మొదటి ఎనిమిది నెలలూ జీతం లేదు! సిమెంటుతో, నగిషీలు లేకుండా, తిన్నని గీతలతో కట్టే కొత్త పద్ధతి అక్కడే వంటబట్టింది. 1954లో గురువుగారి కట్టడాలు చూసుకోవడానికి అహమ్మదాబాదు వచ్చి, అక్కడే ఉండిపోయారు.

అహమ్మదాబాదు ఎండలు మన అద్దంకి ఎండలకు తీసిపోవు. పారిస్ పద్ధతి ఉన్నదున్నట్టు దింపితే ఇల్లు కుంపటే అవుతుంది. అందుకని 1980లో పూర్తయిన తన ఆఫీసు 'సంగాత్'ను ఆయన సగం నేలలోకి దించి కట్టారు. పైన పీపాను నిలువునా చీల్చి బోర్లించినట్టుండే కప్పులు, వాటి మీద విరిగిన తెల్ల పింగాణీ ముక్కలు. తెలుపు ఎండను వెనక్కి కొడుతుంది, చుట్టూ ఉన్న మట్టి గోడల్ని వేడెక్కనివ్వదు. మనకు మిరపకాయలు ఆరబోసుకోవడానికి డాబా కావాలి, నిజమే. కానీ మిరపకాయల్ని ఎండబెట్టే ఆ ఎండే స్లాబును కాల్చి, రాత్రంతా మన నెత్తిన సెగ కుమ్మరిస్తుంది కదూ! వేసవికి ముందు డాబా మీద తెల్లగా సున్నం పూయించినా ఎంతో మేలు.

ఆయన మంచి మేస్టారు కూడా. 1962లో అహమ్మదాబాదులో ఆర్కిటెక్చరు బడి మొదలుపెట్టి, పదేళ్ళు నడిపారు. ఆ భవనమూ ఆయన కట్టిందే. ఇటుక గోడలు, గాలీ వెలుతురూ ధారాళం, తలుపులు బహు తక్కువ. చదువు నాలుగు గోడల మధ్యే వస్తుందని ఆయన అనుకోలేదు. మెట్ల మీదా, చెట్టు కిందా పిల్లలూ పంతుళ్ళూ మాట్లాడుకుంటుంటే వచ్చేదీ చదువే. మన అరుగుల మీద పెద్దవాళ్ళ దగ్గర మనం నేర్చుకున్నది తక్కువా?

అన్నిటికన్నా నాకు నచ్చింది ఇండోరులోని 'అరణ్య' కాలనీ. 1980లలో దాదాపు 6,500 ఇళ్ళకు వేసిన ప్లాను అది. బొత్తిగా లేనివాళ్ళకు సుమారు 42 గజాల స్థలం, దాంట్లో పునాది, నీళ్ళు, మరుగుదొడ్డి ఇచ్చారు. కొందరికి ఒక గది కూడా. తక్కిన ఇల్లు ఎవరి చేతిలో డబ్బు ఆడినప్పుడు వాళ్ళు కట్టుకోవచ్చు. ఈ ఏడు వంటిల్లు, కొడుకు పెళ్ళినాటికి పై గది! బీదవాడి ఇల్లు ఒక్కసారిగా పూర్తికాదనీ, కుటుంబంతో పాటే పెరుగుతుందనీ ఆయన గ్రహించారు. ఆ కాలనీకి 1995లో ఆగాఖాన్ బహుమతి వచ్చింది.

2018లో ప్రిట్జ్‌కర్ బహుమతి పొందిన మొదటి భారతీయుడు దోషిగారే. ఆర్కిటెక్టులకు ప్రపంచంలో అంతకు మించిన గౌరవం లేదంటారు. 2023 జనవరి 24న, తొంభై అయిదేళ్ళ వయసులో కన్నుమూశారు. ఆ ఏడే పద్మవిభూషణ్ కూడా ప్రకటించారు.

మరి దీనివల్ల మనకేమిటి అంటారా? ప్లాను కాగితం ఇంటికొచ్చినప్పుడు 'మాకేం తెలుసు' అని లేచిపోకండి. సాయంత్రపు ఎండ ఏ గది మీద పడుతుంది? వంటింటి పొగ, పోపు ఘాటు ఎటు పోతాయి? రేపు ఇంకో గది వేయాలంటే మెట్లకూ పునాదికీ వీలుందా? ఇరుగమ్మ వస్తే నీడన కూర్చునే చోటేది? ఈ నాలుగూ అడగండి. జవాబు దొరికేదాకా ముగ్గు పోయించకండి. సిమెంటు గట్టిపడ్డాక మన మాట వినేవాళ్ళు ఉండరు.